చీటీ వెనక చిట్టా

జీవితంలోంచి 'వి' తీసేస్తే జీతం మిగులుతుంది. ఆ పోయిన 'వి' విశ్రాంతి అని మా సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో అరవై మందీ ఒప్పుకున్నారు. వాళ్ళకి నేను ప్రతినిధిని. గొంతు పెద్దదని ఎన్నుకున్నారు. లెక్కలకి మాత్రం టైమాఫీసు గుమాస్తా అయిన మా వదినే దిక్కు.

జీతాలు పెరగాలా, మరో మూడేళ్ళు అలాగే పడి ఉండాలా అన్నది మధ్యవర్తి తేల్చాలి. మేనేజరు తన గ్రాఫు విచారణకి వారం ముందే మాకు పంపాడు. ఆయన్ని చాటుగా 'నురగ' అంటాం. చుక్క సబ్బుతో బకెట్టు నింపే మనిషి మరి. సగటు జీతం ఐదేళ్ళలో దాదాపు పాతిక శాతం పెరిగిందని అందులో గీత నిటారుగా లేచింది.

"ఇది గ్రాఫు కాదు వదినా, మన గ్రహపాటు!" అన్నాను.

"అరవకు మరిదీ. గీతలో అబద్ధం లేదు, గీత కింది మనుషులే మారిపోయారు. అప్పుడూ ఇప్పుడూ ఉన్నవాళ్ళని పట్టుకుని ఏడాదేడాదికీ చూడాలి. అందరి పాత జీతం చీటీలూ పట్రా."

మా జీతం చీటీ గులాబీరంగు అట్ట. దాన్ని ఎవరూ పారేయరు. బల్ల కాలి కింద ఎత్తుగా పెట్టుకుంటారు, డబ్బాల కింద పరుస్తారు. మా ఆవిడలాంటివాళ్ళు దాని వెనక నెల సరుకుల చిట్టా రాసి, కొట్లో ఎంతయిందో పక్కనే వేసుకుంటారు. అరవై ఇళ్ళూ తిరిగి, వెనక చిట్టాలతో, నూనె మరకలతో సహా నలభై మూడు ఇళ్ళ ఐదేళ్ళ చీటీలు పోగేశాను. అంతమంది ముందు మా ఇంటి ఉల్లిపాయలు బయటపడతాయని సిగ్గేసి, వెనకవైపు కనపడకుండా తెల్ల కాగితాల మీద అంటించేద్దామని జిగురు డబ్బా తీశాను.

వదిన నా చేతి మీద ఒక్కటిచ్చింది. "జిగురు వద్దు. పిన్ను పెట్టు, అదీ పైన ఒక్కటే."

విచారణ రోజు రానే వచ్చింది. మధ్యవర్తి తెల్లజుట్టు పెద్దావిడ. నవ్వుని పొదుపుగా వాడే మొహం.

నురగ పొంగాడు. "సగటు పదివేలుండేది మేడమ్, ఇప్పుడు పన్నెండు వేల నాలుగువందల ఎనభై! ఇంకా పెంచితే మా షేరు పడుతుంది. పోయినసారి పెంచిన నెల్లోనే ఆరు శాతం పడింది."

"షేరు పడితే లేస్తుంది సార్. కూలి కూలితే ఎవరు లేపుతారు?" అన్నాను. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"లెక్కుందా, చమత్కారమేనా?" అంది మధ్యవర్తి.

వదిన లేచింది. "మేడమ్, ఈ గదిలో పొట్టిదాన్ని నేనే కదా?" అంటూ బయటికెళ్ళి తలుపు వేసేసింది. అందరం మొహాలు చూసుకున్నాం. తలుపు జానెడు తెరుచుకుని తల లోపలికొచ్చింది. "ఇప్పుడు గదిలో సగటు ఎత్తు పెరిగింది. మీలో ఎవరైనా ఎదిగారా?"

మధ్యవర్తి తొలి నవ్వు ఖర్చు పెట్టింది.

"మా విభాగంలో అప్పుడు వంద మంది. ఊడ్చేవాళ్ళూ మోసేవాళ్ళూ నలభై మందికి ఏడేసి వేలు. వాళ్ళని కాంట్రాక్టరుకి అప్పగించారు, సగటు లేచింది. మిగిలిన అరవై మందిదీ ఒకే స్కేలు. అప్పుడు పన్నెండు వేలు, ఇప్పుడు మేనేజరుగారు చెప్పిన అంకే. పెరిగింది నాలుగు శాతం."

"మరి షేరు?" అన్నాడు నురగ.

"ఆ నెల మిగతా నాలుగు సబ్బు కంపెనీలూ సగటున తొమ్మిది శాతం పడ్డాయి సార్. మనది ఆరే. ఐదేళ్ళలో జీతం పెరిగిన నెల అదొక్కటే. ఒక్క నెల చూసి సూత్రం రాస్తారా? అరవై నెలలూ వరసన పెట్టాను, చూడండి. ఎనభై ఉన్న షేరు నూట ఇరవై అయింది."

నురగ సగం దిగింది. "సరే, నాలుగు శాతమే అనుకోండి. ధరలు మాత్రం ఎంత పెరిగాయని? రుజువేదీ?"

"ఈ ప్రశ్న కోసమే పొద్దుటి నుంచీ కూర్చున్నాను," అంది వదిన. "మేడమ్, ఆ చీటీలు తిప్పండి."

పైన ఒక్క పిన్నే కాబట్టి చీటీ తలుపులా లేచింది. ముందు జీతం, వెనక జీవితం! ఐదేళ్ళూ అదే ఇల్లు, అదే కొట్టు, మధ్యలో మానేసినవి వదిలేస్తే అవే సరుకులు. మా చీటీలో రెండు వేలకి వచ్చిన బుట్ట ఇప్పుడు రెండు వేల ఆరువందలు. నలభై మూడు ఇళ్ళకీ కలిపి వదిన ముందే కట్టిపెట్టింది: ముప్పై శాతం. మూడో ఏడాది నుంచి మా చిట్టాలో 'వెన్న' కొట్టేసి ఉంది. మధ్యవర్తి వేలు అక్కడ కాసేపు ఆగింది. తర్వాత కింది వరస పైకే చదివింది: "ఆయనకి చెప్పాలి, జోకులు తగ్గించమని."

గది గొల్లుమంది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను!

మధ్యవర్తి కాగితం మీద కూడి, భాగించి, కలం మూసింది. "పన్నెండు వేలకి ముప్పై శాతం కలిపితే పదిహేను వేల ఆరువందలు. అక్కడికి చేరాలంటే ఇప్పటి జీతం మీద సరిగ్గా పాతిక శాతం పెంచాలి. మేనేజరుగారూ, మీ గ్రాఫులో ఉన్న పాతికే ఇచ్చేయండి. గ్రాఫు నిజమైపోతుంది."

మా కేకలకి కిటికీ అద్దాలు గజగజలాడాయి. అరవై మందీ వదినని ఎత్తుకున్నారు. గదిలో అందరికంటే ఎత్తైన మనిషి ఇప్పుడు ఆవిడే!

"దింపండర్రా!" అని పైనుంచే అరిచింది. "బయటికి పంపిన ఆ నలభై మందిని ఇక లోపలికి పిలవాలి. వాళ్ళ చీటీలెక్కడున్నాయో కనుక్కో మరిదీ!"

కొత్త చీటీ ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ ముందువైపు ఒకసారి చూసి, వెంటనే తిప్పి మొదటి వరస రాసింది: 'వెన్న, పెద్ద పొట్లం.'

జోకుల సంగతి మాత్రం కింద మళ్ళీ రాసింది.