తొర్లైఫ్ బావగారి బొటనవేళ్ళు

పోయిన చలికాలంలో మా లోయలో ముగ్గురికి పక్షవాతం వచ్చింది. అందులో మా ఆయన అస్లాక్ ఒకరు. మాట పడిపోయింది. గుండె లయ తప్పి కొట్టుకుంటున్న సంగతి ఆయనకే తెలియదు. ముందే తెలిసుంటే, రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు మాత్రలు వేసుకుంటే సరిపోయేది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి నర్సును, కట్టుకున్నవాడి నాడి పట్టి చూడలేదు! తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అందుకే జిల్లా ఆరోగ్యశాఖవాళ్ళతో పోట్లాడి గుండె లయ చూసే యంత్రం తెప్పించాను. రెండు బొటనవేళ్ళు అర నిమిషం ఆనిస్తే చాలు. శనివారంలోగా అరవై దాటినవాళ్ళు నలభై మంది రాకపోతే వెనక్కి తీసుకుపోతామన్నారు. వారమంతా కూర్చుంటే వచ్చింది ఆరుగురు. మిగతావాళ్ళందరిదీ ఒకటే ఫోను: "నాకేం, నిక్షేపంగా ఉన్నాను. నా వంతు ఎవరైనా జబ్బుమనిషికి ఇవ్వమ్మా." వీళ్ళ మర్యాద మండిపోనూ! ఒకరి కోసం ఒకరు వంతులు వదులుకుని అందరూ ఇళ్ళలోనే ఉండిపోయారు.

శనివారం స్కీ క్లబ్బులో శ్రమదానం. మావాళ్ళు డాక్టరు పిలిస్తే రారు గానీ, కంచెకు రంగెయ్యాలంటే మంచాన పడ్డవాడు కూడా లేచొస్తాడు. యంత్రం చంకన పెట్టుకుని పోయి, గోడమీది పనుల జాబితాలో "చెక్కపలకలు మోయడం" కింద "బొటనవేళ్ళు ఆనించడం, నలభై మంది" అని రాసేశాను.

క్లబ్బు పెద్ద మా ఆయన అన్నగారే, తొర్లైఫ్. డెబ్బై నాలుగేళ్ళు. చూసి నన్ను పేరు పెట్టి పిలిచి మండిపడ్డారు.

"ఇదేం పని, ఉన్నీ? నిన్ననే కొండమీద మంచులో ముప్పై కిలోమీటర్లు స్కీ చేసొచ్చాను. నన్ను పట్టుకుని రోగిష్టివాణ్ణంటావా?"

"రోగం అన్లేదు బావగారూ, పని అన్నాను. జాబితాలో ఉన్న పని మీరే ఎగ్గొడతారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పక్కున నవ్వారు.

"నీ నోటికో దణ్ణం తల్లీ!" అంటూ వేళ్ళు ఆనించారు.

తెరమీద గీత అడ్డదిడ్డంగా పరిగెత్తింది. యంత్రాన్ని ఎవరికీ కనబడకుండా తిప్పేశాను.

"తమ్ముడికి వచ్చిందేనా?" అన్నారు మెల్లగా.

"అదే. కానీ మీకింకా టైముంది. మాత్రలు వేసుకుంటే చాలు."

దాచుకుంటే ఆయన పరువు దక్కేది, ఊళ్ళో ఒక్కరూ నా మాట వినేవారు కాదు. ఆయన లేచి వెళ్ళి పోటీల మైకు అందుకున్నారు.

"వినండర్రా! నా గుండె తాళం తప్పింది. కొండెక్కుతున్నప్పుడు కూడా నాకు తెలీలేదు. మీకు మాత్రం తెలుస్తుందా? ముసలాళ్ళంతా వరసలో నిలబడండి. ఈ పనయ్యేదాకా ఎవడికీ కాఫీ లేదు!"

అబ్బ, ఏం కదిలారండీ! రంగు చేతులు ప్యాంట్లకు తుడుచుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వచ్చిపడ్డారు. సాయంత్రానికి ఎనభై తొమ్మిది మంది. ఐదుగురికి లయ తప్పింది. సోమవారమే డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మాత్రలు మొదలెట్టించాను. యంత్రం కోసం ఫోన్ చేసిన జిల్లా ఆయనతో "ఇక్కడింకా వరస ఉంది బాబూ, అవతలి లోయకు ఇంకోటి కొనండి" అని పెట్టేశాను.

మళ్ళీ చలికాలం వచ్చింది, పోయింది. మా లోయలో కొత్తగా ఒక్క నోరూ మూగబోలేదు.