దోమతెర కోడలు

ఇలా దగ్గరికి జరగండర్రా. మోకాలికి మోకాలు తగిలినా ఫరవాలేదు. గొంతెత్తి చెప్పే కథ కాదిది.

ఒక ఇంట్లో ఒక కోడలు ఉండేది. దోమలకు ఆమె రక్తమంటే ప్రాణం. పదిమందిలో కూర్చున్నా వెతుక్కుంటూ వచ్చి ఆమెనే కుట్టేవి. కాపురానికి వచ్చిన వారంలోపే అత్తగారు ఈ సంగతి కనిపెట్టేసింది. ఇంటి వెనకే మురుగుకాలువ. పొద్దు వాలితే చాలు, దోమలు గుంపు కట్టి వచ్చేవి. ఇంకేముంది, సాయంత్రమయ్యేసరికి కోడలు జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, దోమలన్నీ తననే కుట్టేలా గడప మీద కూర్చోవాలి. లోపల అత్తగారు, మొగుడు, మరిది హాయిగా కబుర్లు చెప్పుకునేవారు.

"అందరూ దోమతెర కొనుక్కుంటారు. మా దోమతెర అంట్లు కూడా తోముతుంది" అనేది అత్తగారు వచ్చినవాళ్లతో. అందరూ నవ్వేవారు. కోడలూ నవ్వేది. నవ్వకపోతే ఇంకో మాట పడాలి కదా.

అలా ఉండగా సముద్రం ఒడ్డున ఒక షెడ్డు పెట్టారు. అలలు తెచ్చి పడేసిన నాచును ఏరి, ఇసుక పోయేలా కడిగి, ఆరబెట్టి, ఉడికించి సారం తీసేవారు. ఆ సారం దోమలకు పడదట. పడుతుందో లేదో చూడాలంటే మనిషి చెయ్యి కావాలి. కోడలు ఆ పనికి కుదిరింది. షెడ్డు చూసుకునే మేడమ్ వలగుడ్డ పెట్టెలో దోమల్ని పెంచేది. అందులో చెయ్యి పెట్టాలి. మిగతా ఆడవాళ్ల చేతుల మీద నాలుగైదు వాలితే, ఈమె చెయ్యి నల్లగా నిండిపోయేది.

"నీ చెయ్యి దొరకడం మా అదృష్టం" అంది మేడమ్.

ఒకరోజు సారం పూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టింది. దోమలు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, వెనక్కి పోయాయి. ఒక్కటీ వాలలేదు. ఇక తియ్యమని మేడమ్ రెండుసార్లు చెప్పినా ఆమె చెయ్యి తియ్యలేదు.

మేడమ్ ఇచ్చిన సీసా ఇంటికి తెచ్చుకుని, ఆ సాయంత్రం పూసుకుని గడప మీద కూర్చుంది. కాసేపటికి లోపల చప్పుళ్లు మొదలయ్యాయి. మరిది తన చెంప తనే వాయించుకున్నాడు. మొగుడు పిక్కలు గోక్కున్నాడు. అత్తగారు వచ్చి కోడలి చెయ్యి వాసన చూసింది.

"ఏంటే ఈ నీచుకంపు?"

"నాచు సారం అత్తయ్యా. దోమలు రావు."

"నీ మీదికి రాకపోతే ఎక్కడికి పోతాయే? మా మీదికేగా. ఇటివ్వు."

అప్పట్నుంచి లోపలివాళ్లు ముగ్గురూ పూసుకునేవారు. "నీకు అలవాటేగా" అని ఆమెకు చుక్క ఇవ్వలేదు. ఇంట్లో దోమలన్నీ ఒక్కదాని మీదే. అదీ ఓర్చుకుంది.

అప్పటికి ఆమెకు నాలుగేళ్ల కూతురుంది. "దీనిదీ తల్లి రక్తమే. నీకు తోడుంటుందిలే" అని అత్తగారు ఒక సాయంత్రం ఆ పిల్లనూ తెచ్చి గడప మీద కూర్చోబెట్టింది. తెల్లారేసరికి పిల్ల కన్ను ఒకటి వాచి మూసుకుపోయింది.

"చిన్న దోమతెర" అన్నాడు మరిది. మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. ఆ రోజు మాత్రం కోడలు నవ్వలేదు.

షెడ్డులో నాచును మూడుసార్లు ఉడికిస్తారు. పసంతా మొదటి ఉడుకులోనే దిగిపోతుంది. మూడో ఉడుక్కి ఆ రంగూ ఆ కంపూ అలాగే ఉంటాయి గానీ ఒక్క దోమ కూడా జంకదు. ఆ నీళ్లు పారబోస్తారు. కోడలు పారబొయ్యలేదు, పెద్ద సీసా నిండా పట్టి తెచ్చి లోపలివాళ్లకిచ్చింది. మొదటి ఉడుకు సారం చిన్న సీసాలో పోసి నడుము దగ్గర దాచుకుని, చాటుగా పిల్లకు పూసి తనూ పూసుకునేది. అందరి దగ్గరా ఒకటే కంపాయె, ఎవరికి తెలుస్తుంది?

"పూసుకున్నా కుడుతున్నాయేంటే?" అంది అత్తగారు.

"పల్చగా పూసుకుని ఉంటారు అత్తయ్యా. ఉండండి, నేను పూస్తాను."

మెడకూ పాదాలకూ, కాలివేళ్ల సందుల్లో కూడా, పసిబిడ్డకు పూసినట్టు పూసింది.

వానలు పడ్డాయి. వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ఈ దోమలే తెస్తాయని మేడమ్ చెప్పనే చెప్పింది. కోడలు తెలిసే పూసింది, రోజూ పూసింది. అత్తగారు జ్వరంతో మంచమెక్కాక కూడా పొద్దువాలితే తనే అడిగి మరీ పూయించుకునేది.

ఎనిమిదో రోజు సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుంది. "నిన్ను చాలా కష్టపెట్టానే. నా కడుపున ఆడపిల్ల పుట్టి ఉన్నా ఇంత చేసేది కాదు" అంది.

 కోడలు మెల్లగా చెయ్యి విడిపించుకుని రెండో పాదానికి కూడా పూసింది. మర్నాడు పొద్దున అత్తగారు పోయింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం మొగుడు పిక్కలు గోక్కుంటూ కూతుర్ని పిలిచాడు. "ఇలా రా తల్లీ, గడప మీద కూర్చో. నాన్నని కుడుతున్నాయి."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి పెద్ద సీసా మూత తీసింది.

"దాన్నెందుకు పిలుస్తారు? మీరే ఇలా రండి. నేను పూస్తాను."

గుర్తుపెట్టుకోండర్రా. మీ పిల్లలకు చెప్పేటప్పుడు గడప సంగతీ సీసా సంగతీ ఎలాగూ చెబుతారు. కోడలు మంచిదైపోవాలని, ఆ ముసలావిడ చివర్న అన్న మాట మాత్రం మింగెయ్యకండి.