ఉరుము గొంతులో వణుకు

దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి టేపు మిషను లోపలి భాగాలు తుడుస్తున్నాడు మెకానిక్కు. తడిపుల్లతో మూడుసార్లు, పొడిపుల్లతో ఒకసారి. వేళ్ళ చివర్లు స్పిరిట్‌కి నాని తెల్లబారాయి. గోళ్ళ కింది నలుపు ఏ సబ్బుకీ లొంగదు. బరువైన మిషన్లన్నీ ఒకే చేత్తో మోసినందుకు కుడి భుజం కాస్త కిందికి జారింది. వీధిలో మిగతావాళ్ళు ఫోన్లు బాగుచేసి నాలుగు మెతుకులు తింటుంటే, ఈయన మాత్రం ఎవరికీ అక్కర్లేని టేపుల్ని పట్టుకు వేలాడుతున్నాడని భార్య దెప్పుతూ ఉంటుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

సాయంత్రం సభకు మిషను సిద్ధమైందో లేదో చూసుకుపోదామని ఒక రాక్ బృందం అభిమాన సంఘం తరఫున ఇద్దరు వచ్చారు. వచ్చిన ఐదు నిమిషాలకే వాళ్ళు వచ్చిన పని మరిచిపోయారు. లెక్కల మాస్టారిది పాతగొంతు పక్షం. మందుల షాపాయనది కొత్తగొంతు పక్షం. ఇద్దరూ ఆ నలుగురి బృందం పాటలు వింటూనే మీసాలు మొలిపించుకున్నవాళ్ళు. బృందంలో పాడే మనిషిని అభిమానులంతా ‘ఉరుము’ అంటారు.

“మొదటి రికార్డు చివర్లో ‘రావా’ అని సాగదీస్తాడు చూడండి, ఆ వణుకేదండీ ఇప్పుడు? కంప్యూటర్లొచ్చి గొంతును ఇస్త్రీ చేసి పారేశాయి,” అన్నాడు మాస్టారు.

“వయసు రాలేదా మాస్టారూ? మీ మోకాళ్ళు మారొచ్చు గానీ ఆయన గొంతు మారకూడదా? కొత్త పాటల్లో బరువుంది.”

“అవునండీ, మోయలేక చస్తున్నాం. ఇవాళ చూడండి. పాత మిషను ముందు నిలబెడితే పాత గొంతు దానంతటదే వస్తుంది.”

మందుల షాపాయన మెకానిక్కు వైపు తిరిగాడు. “మీరేమంటారు?”

“మిషన్ల వాణ్ణి. పాట సంగతి నాకేం తెలుసు,” అన్నాడు మెకానిక్కు పుల్ల మారుస్తూ.

అతనికి తెలిసినంత ఆ పాట గురించి ఇంకెవరికీ తెలియదు. ముప్ఫై రెండేళ్ళ కిందట అది ఈ మిషను మీదే ఎక్కింది. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు, రికార్డింగు గదిలో టేపు తిప్పే పని. టేపును లాగే రబ్బరు చక్రం ఒకపక్క అరిగి, తిరిగినప్పుడల్లా సన్నగా కుదిపేది. డ్రమ్ములకీ గిటార్లకీ అది పైకి తెలిసేది కాదు, సాగదీసిన గొంతు దగ్గరే బయటపడేది. “ఆ వణుకు మిషనుదండీ, చక్రం మార్చి మళ్ళీ తీద్దాం,” అని ఉన్నమాట చెప్పాడు. “నా గొంతులో పుట్టినదాన్ని రబ్బరుముక్కకు అంటగడతావా?” అంటూ ఉరుము అందరి ముందూ చెంప పగలగొట్టాడు. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. ఆ వణుకు పుణ్యమా అని పాట మాత్రం మారుమోగిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళను లోకం బోలెడుమందిని చూసింది. మద్దెల ఓడైతే అది తన ఆటేనన్న ఘనుణ్ణి మెకానిక్కు ఒక్కడే చూశాడు.

ఆ గది మూతపడ్డప్పుడు మిషనును తుక్కు కింద కొన్నాడు. అన్నీ బాగుచేశాడు, అరిగిన చక్రం తప్ప. పాము పగ పన్నెండేళ్ళంటారు. ఇతని పగ ముందు పాము పసిపిల్ల. నాలుగు గంటలకు పైనున్న హాల్లో రెండు వందలమంది ఎదుట ఉరుము ఈ మిషను మీద ఆ ఒక్క ముక్క పాడతాడు. ఆ వెంటనే మెకానిక్కు మైకు తీసుకుని చెప్పాల్సింది చెబుతాడు. ఒప్పించకుండా కిందికి పంపేది లేదు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. అతను నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకున్నాడు.

“ఆ రబ్బరుకు చేసిన సేవలో సగం నాకు చేసుంటే నా నడుం బాగుండేది,” అందామె. “ఇవాళ కక్కేస్తే హాయిగా ఉంటుందా?”

“ఉంటుంది.”

“సరే అయితే. మళ్ళీ రేపట్నించి ఆ చెంపదెబ్బ కథ నా చెవిన వెయ్యకండి.”

మూడున్నరకు వెనక తలుపు చప్పుడైంది. జనం కంటపడకుండా ముందే వచ్చేశాడు ఉరుము. ఒకప్పుడు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, బట్టలు వదులైపోయి భుజాల మీంచి జారుతున్నాయి. మెడ కింద రెండు సన్నని కోతగాట్లు. చంకలో ఫ్లాస్కు. మెకానిక్కును గుర్తుపట్టలేదు.

“కాసేపు కూర్చోవచ్చా? పైన అందరూ మాట్లాడిస్తారు,” అన్నాడు గుసగుసగా. ఫ్లాస్కు మూతలోకి వేడినీళ్ళు ఒంపుకుని చల్లారడానికి బల్ల మీద పెట్టాడు. తర్వాత మిషను కేసి చూశాడు. “వాళ్ళందరికీ ఆ వణుకే కావాలండీ. దాన్ని మళ్ళీ తెచ్చుకుందామని ఏళ్ళ తరబడి గొంతు నులుముకుని పాడాను. రెండుసార్లు కోశారు. దేవుడిచ్చింది ఎక్కడ పారేసుకున్నానో తెలియదు.”

“ఒకసారి పాడి చూడండి, ఇక్కడే,” అన్నాడు మెకానిక్కు. హాలుదాకా ఆగడం అతనివల్ల కాలేదు.

ఉరుము మైకు దగ్గరికి జరిగి ‘రావా’ అన్నాడు. ఎండిన గొంతు, పగుళ్ళతో, తిన్నగా సాగింది. మెకానిక్కు టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఆ సాగిన చోట, ముప్ఫై రెండేళ్ళ నాటి వణుకు.

ఉరుము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “వచ్చింది,” అన్నాడు. “మళ్ళీ వచ్చింది.” వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారి మణికట్టు దాకా వచ్చాయి.

ఇక్కడ ఆపేసి ఉండవచ్చు. మెకానిక్కుకు ఆ ఆలోచన రాకపోలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే గెంటేశాడు. మైకు తన వైపు తిప్పుకున్నాడు. “ఒకటి, రెండు, మూ...డు,” అని బల్లగుద్దినట్టు చెప్పి, టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ‘మూడు’ దగ్గర అదే వణుకు, అదే ఏడుపు, గుండె పిండేసేలా.

ఉరుము చాలాసేపు మిషను వైపే చూశాడు. తర్వాత మెకానిక్కు ముఖంలోకి చూశాడు.

“నువ్వేనా?”

“నేనే.”

“కొట్టాను కదూ.”

“కుడి చెంప.”

“నువ్వు చెప్పింది నిజమే,” అన్నాడు ఉరుము.

ఆ మాట కోసం ముప్ఫై రెండేళ్ళు. మెకానిక్కుకు ఒళ్ళంతా చల్లబడింది. సంతోషమే అది, దాచుకోవడమెందుకు. ఇంకా కావాలనిపించింది. పైన, అందరి ముందు.

ఉరుము లేచాడు. “అయితే నేను పోగొట్టుకున్నదేమీ లేదన్నమాట,” అన్నాడు, ఎవరితోనూ కానట్టుగా. “ఇక పాడక్కర్లేదు.” వెనక తలుపు తెరుచుకుని, భుజం మీది చొక్కా సర్దుకుంటూ సందులోకి దిగి వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగింటికి మాస్టారు దిగివచ్చాడు. “ఇంకా రాలేదా?”

“వచ్చి వెళ్ళిపోయారు. గొంతు టేపులో ఉంది, పదండి,” అన్నాడు మెకానిక్కు. మిషనును కుడిచేత్తో ఎత్తుకుని మెట్లెక్కాడు. మనిషి లేకపోయినా సాక్ష్యం ఉంది. పని కానిచ్చేద్దామనే అనుకున్నాడు.

‘రావా’ వినగానే హాలంతా చప్పట్లతో అదిరిపోయింది. మాస్టారు మందుల షాపాయన వీపు చరిచాడు. చప్పట్లు ఆగకముందే ‘ఒకటి, రెండు, మూడు’ వచ్చింది.

“ఇది నా గొంతు,” అన్నాడు మెకానిక్కు మైకులో. “ఆ వణుకు ఎవరి గొంతులోనూ లేదు. మిషనులో రబ్బరు చక్రం అరిగింది. ఆనాడూ అంతే.”

రెండు వందలమందీ అతని కేసి చూశారు. ముందుగా తేరుకున్నది మాస్టారే. వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

“ఇన్నాళ్ళూ మా పక్కనే ఉండి ఇంత గొంతు దాచుకున్నారా? పైగా రబ్బరంటారు. మరీ అంత అణకువ పనికిరాదండీ.”

“కాదు మాస్టారూ, చక్రం...”

“విన్నారా షాపుగారూ, పాత మిషను మాత్రం ఏం చేస్తుందండీ, గొంతులో ఉండాలి,” అన్నాడు మాస్టారు. ఆ ఒక్క విషయంలో మందుల షాపాయన జీవితంలో మొదటిసారి ఆయనతో ఏకీభవించాడు. వెనక వరసల్లోంచి ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని అరుపులు మొదలయ్యాయి. మెకానిక్కు నాలుగుసార్లు చక్రం సంగతి చెప్పాడు. నాలుగుసార్లూ నవ్వారు.

ఎలాగో విడిపించుకుని కిందికొచ్చి, వెనక తలుపు తీసి సందు చివరిదాకా పరుగెత్తాడు. అతని మాట నమ్మిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ తనే పంపేశాడు. సందులో ఎవరూ లేరు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పైన చప్పట్లకు కప్పు సన్నగా అదురుతోంది. బల్ల మీద ఫ్లాస్కు మూతలో, ఎవరి పెదవీ తగలని నీళ్ళు అంచుదాకా అలాగే ఉన్నాయి, ఎప్పుడో చల్లారిపోయి.