ఓడెత్తు బంగారం

మొగిలి ముప్పై ఏండ్లకు పైన ఆర్టీసీ బస్సు నడిపిండు. హన్మకొండ నుంచి రోడ్డు ఏ దిక్కు పోతే ఆ దిక్కు పోయిండు. ఒక్క మేకపిల్లను గూడ తొక్కలేదని రిటైరైన నాడు డిపోల శాలువ కప్పిండ్రు. అంత మొనగాడే గని, ఆయనకు ఒకటే రోగం. వేరేటోళ్లు బండి నడిపితే పక్కన కూసోలేడు. ఆటో ఎక్కినా, అల్లుని కారెక్కినా ఆయన కుడికాలు ఊకె నేలను తొక్కుతనే ఉంటది, ఆడ బ్రేకున్నట్టు. దిగేటాళ్లకు పిక్క పట్టేస్తది. "గేరు మార్చు, హారన్ కొట్టు, ఆ గేదెను చూసుకో" అని సణుగుడు వేరే. ఆ బాధ పడలేక అల్లుడు అత్తగారింటికి కారు తెచ్చుడే బంద్ జేసిండు.

అసొంటోని పెండ్లాం పూలమ్మకు ఓడెక్కాలన్న కోరిక పుట్టింది.

ఇదంతా పక్కింటి హెప్సిబా చేయబట్టే. ఆమె దవాఖానల నర్సు చేసి రిటైరైంది. ఆమె మొగడు ఫ్రాన్సిస్ సారు హసన్‌పర్తి దిక్కు కాలేజీల ఫిజిక్స్ చెప్పి రిటైరైండు. ఇద్దరికీ ఏం తోస్తలేదు. ఒకనాడు హెప్సిబా ఫోన్ల వీడియో చూపెట్టింది. వరంగల్ల రైలెక్కుడు, మద్రాసుల దిగుడు, ఆణ్నుంచి సముద్రం మీద ఓడల తిరుగుడు, మళ్ల రైలెక్కి ఇల్లు చేరుడు. ఓడంటే ఉత్త ఓడ గాదు, అండ్ల హోటలున్నది, సినిమా హాలున్నది, ఓడ నెత్తి మీద ఈత కొట్టే గుంత గూడ ఉన్నది. చుట్టూ అంత సముద్రం పెట్టుకొని మళ్ల నెత్తి మీద గుంతెందుకో మొగిలికి ఎంత ఆలోచించినా సమజ్ కాలే.

"పోదామయ్యా" అన్నది పూలమ్మ.

"ఎందుకే? భద్రాచలం పోదాం, బాసర పోదాం. ఏదన్న బండి మాట్లాడుత, నేనే నడుపుత."

"అగో, మళ్ల అదే! లగ్గమైన కాడ్నుంచి నీ వీపే చూసిన. బాసర పోయినా, భద్రాచలం పోయినా నువ్వు స్టీరింగు కాడ, నేను ఆడోళ్ల సీట్ల. అందరు మొగడు పెండ్లాలు పక్కపక్కన కూసోని పల్లీలు తింటాంటే నేను నీ మెడ మీది చెమట చూసుకుంట పోయిన. ఒక్కపారన్న నా పక్కన కూసో. రైలు నీ చేతికియ్యరు, ఓడ నీ చేతికియ్యరు. అందుకే ఆ రెండిటి మీద మనసు పడ్డది."

సరే, అడిగైతే వద్దామని హన్మకొండ చౌరస్తా కాడి టూర్ల ఆఫీసుకు పోయిండ్రు. ఆడ దీప అనే అమ్మాయి కూసున్నది. చాయ్ తెప్పించి, బొమ్మలు చూపెట్టి, మంచిగ చెప్పింది. అంతా అయినంక మొగిలి కుర్చీ ముందుకు జరుపుకున్నడు.

"బిడ్డా, డ్రైవర్ ఎవరు?"

"కెప్టెన్ ఉంటడు అంకుల్."

"డబల్ డ్యూటీల ఉంటడా, నిద్ర పోతడా?"

"చాలామంది ఉంటరు అంకుల్, మార్చుకుంటరు."

"గది మంచిగుంది. బ్రేకులు ఎట్లుంటయి?"

దీప నవ్వింది. "బ్రేకులుండయి అంకుల్. ఇంజను ఉల్టా తిప్పుతరు. చిన్నగ ఆగుతది."

"చిన్నగ అంటే?"

"కిలోమీటరు పైనే పోవచ్చు."

మొగిలి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. కిలోమీటరు! బస్టాపు దాటి పది గజాలు పోతేనే ప్యాసింజర్లు అమ్మనక్కలు తిడ్తరు. ఇదేమో కాజీపేటల ఆపమంటే పోయి పోయి ఫాతిమానగర్ల ఆగే బండి. పైంగ కింద నీళ్లు, చుట్టూ నీళ్లు, దిగి టైరు కొట్టి చూద్దామన్నా టైరు లేదు. నలభై సీట్ల బస్సును చిటికెన వేలు మీద తిప్పిన మనిషి, ఆఫీసు మెట్లు గోడ పట్టుకొని దిగిండు. భయమైతాందని, బుగులైతాందని చెప్తే మానం పోతది. శాలువ కప్పిచ్చుకున్న డ్రైవరాయె!

ఇంటికొచ్చినంక బీపీ అన్నడు, మోకాళ్లన్నడు, సముద్రపు గాలి పడదన్నడు. పూలమ్మ అన్నీ ఇన్నది, కూరల ఉప్పేసుకుంట చెప్పింది.

"సరే, నువ్వు రాకు. నేను హెప్సిబా వదినె వాళ్లతోని పోత. ఆయితారం లోపట దీపకు ఖాయం జెప్పాలె."

మొగిలి గుండెల రాయి పడ్డది. పూలమ్మ ఆయన లేకుంట ఏనాడు పొలిమేర దాటలే. ఆయన్నిడిచి ఆమె ఓడల షికారు పోవుడా? ఇంట్ల ఒక్కడే కూసోని గోడలు చూసుడా? ఎక్కుదామంటే బుగులు, ఎక్కకుంటే పెండ్లాం పోతాంది. కుడితిల పడ్డ ఎలుకైంది మొగిలి బతుకు.

అప్పుడు ఆయనకొక ఉపాయం తట్టింది. ఆ ఉపాయం తట్టకుంటే ఎంత బాగుండు!

మేడారంల బెల్లాన్ని బంగారమంటరని మనకు ఎరికే. పిల్లకు జ్వరం తగ్గితే పిల్లెత్తు బంగారం, కొడుక్కు నౌకరొస్తే కొడుకెత్తు బంగారం మొక్కుతరు. ఎవరి పేర మొక్కిండ్రో ఆ మనిషిని తక్కెట్ల కూసోబెట్టి, ఆ తూకం బెల్లం సమ్మక్క సారలమ్మల గద్దెల కాడ సమర్పిస్తరు. పూలమ్మకు తల్లులంటే ప్రాణం. మొక్కు బాకీ పెట్టుకొని ఆమె పక్కూరు గూడ పోదు.

మొగిలి పోయి సారయ్య కిరాణం కాడ నిలబడి, నలుగురూ ఇనేటట్టు నిట్టూర్చిండు. "ఏం జెప్పాలె సారన్నా. ఓడెక్కాలనే ఉన్నది. గని బొమ్మ చూడంగనే సంబురం ఆగక సమ్మక్క తల్లికి మొక్కిన, ఆ ఓడెత్తు బంగారం ఇస్తనని. ఆ మొక్కు తీరందే నేనెక్కద్దు, నా ఇంటామె గూడ ఎక్కద్దు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటరు. ఇదేమో ఏనుగుకు ఎలుక తోక అతికినట్టున్నది. అయినా వాడకట్టంతా నమ్మింది. పూలమ్మ ఇన్నది, కొంగుతోని నోరు మూసుకున్నది. "ఓడెత్తా? ఎంత పని జేసినవయ్యా!" అని అరుగు మీద కూలబడ్డది. ఓడ మాట మళ్ల ఎత్తలే. మొగిలి ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టిచ్చుకొని, గురక పెట్టి పడుకున్నడు.

పడుకున్నడు గని వాడకట్టు పడుకోలే. సారయ్య లెక్కలు మొదలుపెట్టిండు. దీపకు ఫోన్ జేసి ఓడ తూకం అడిగితే వేల టన్నులన్నది. "మన జిల్లాల బెల్లం కాదుగదా, దేశంల చెరుకంతా కొట్టినా అందది" అని సారయ్య ఫోన్ కింద పెట్టి చెమట తుడుచుకున్నడు. ఒకామె ఓడ ఫోటో తూకం ఇద్దామన్నది. ఇంకొకామె బొమ్మ ఓడ కొందామన్నది. మొగిలి అన్నిటికీ తల అడ్డంగ ఊపిండు. "తల్లి కాడ మోసం చేస్తమా? తప్పు తప్పు" అని లెంపలేసుకున్నడు.

అప్పుడొచ్చిండు ఫ్రాన్సిస్ సారు, ఒక చేతిల బకెట్టు, ఒక చేతిల స్టీలు గిన్నె పట్టుకొని. ఎన్నేండ్లాయెనో ఆయనకు పాఠం చెప్పే మోకా దొరికి!

"సారయ్యా, నీ కొక్కెం కాంటా పట్రా."

గిన్నెకు దారాలు కట్టి కాంటాకు తగిలిచ్చిండు. ముల్లు పావుకిలో చూపెట్టింది. గిన్నెను చిన్నగ బకెట్ల నీళ్ల మీదికి దించిండు. గిన్నె తేలింది. దారాలు వదులైనయి. ముల్లు పోయి సున్నా కాడ కూసున్నది.

"చూసిండ్రా? తేలేదాని భారమంతా నీళ్లే మోస్తయి. కాంటాకు ఏం మిగలదు. ఓడ తేలుతాంది. కాబట్టి ఓడ తూకం సున్నా! మొగిలీ, నువ్వు ఇయ్యాల్సిన బంగారం సున్నా! మా దేవుడు వేరైనా మీ తల్లికి అన్యాయం చేస్తున్నననుకోకు, సైన్సు అందరికీ ఒకటే."

వాడకట్టు చప్పట్లు కొట్టింది. మొగిలి మొఖం మాడిన రొట్టె లెక్కైంది. "అది... అది నీళ్లల్ల తూకం సారూ. నేను మొక్కింది ఒడ్డు మీద తూకం" అని నసిగిండు.

పూలమ్మ లేచి నిలబడ్డది. "మీ సైన్సూ వద్దు, మీ సున్నా వద్దు. తల్లికి వట్టి చేతులు చూపెట్టుడేంది? అందేంత బెల్లం పట్టుకపోదాం. తప్పైంది తల్లీ, నా మొగనికి సోయి లేదు, ఇది తీసుకొమ్మని నేనే అడుగుత. రేపే మేడారం పోదాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగిలి ఏమని కాదంటడు?

తెల్లారి మేడారం బస్సెక్కిండ్రు. బస్సు డ్రైవర్ మొగిలి చేతి కింద పని నేర్చినోడే. "మొగిలన్నా, రా, రా" అన్నడు. ఇగ చూడు, మొగిలి పోయి ఇంజను పక్కన కూసున్నడు. ములుగు దాటేదాంక గేర్ల ముచ్చట, పస్రా దాటేదాంక మూలమలుపుల ముచ్చట. పూలమ్మ వెనుక సీట్ల బెల్లం సంచి ఒళ్లె పెట్టుకొని ఒక్కతే కూసున్నది. పక్క సీటు ఖాళీగనే ఉన్నది. మధ్యల ఒకసారి మొగిలి వెనుకకు తిరిగి చూసిండు. ఆమె ఆయన మెడ దిక్కే చూస్తాంది. ఆయనకు మనసుల ఏదో గుచ్చుకున్నది గని, గంతల్నే ఎదురుంగ లారీ వచ్చింది.

గద్దెల కాడ జనం పల్చగున్నరు. పూలమ్మ బెల్లం ముద్ద చేతులల్ల పెట్టుకొని కండ్లు మూసుకున్నది. "తల్లీ, మాకు ఇంతే అందింది. ఆయన మంచోడే, సంబురంల నోరు జారిండు. ఆయనకేం కానియ్యకు. కోపముంటే నా మీద చూపెట్టు" అన్నది.

మొగిలి ఆ మాటలిన్నడు. సముద్రం బుగులు, బ్రేకుల బుగులు ఎటు పోయినయో, దీని ముందట అవెంత! తను ఆడిన అబద్ధానికి తన పెండ్లాం తల్లి ముందట శిక్ష అడుక్కుంటాంది.

"నేను మొక్కలే!" అని మొత్తుకున్నడు. చుట్టూ ఉన్నోళ్లు తిరిగి చూసిండ్రు. "తల్లీ, నేనేం మొక్కలే. ఓడెత్తు లేదు, గీడెత్తు లేదు. అబద్ధం జెప్పిన. ఆమెనేం అనకు, నన్నే అను!"

పూలమ్మ కండ్లు తెరిచింది. బెల్లం ముద్ద గద్దె మీద పెట్టింది, పద్ధతిగ దండం పెట్టుకున్నది. అటెన్క మొగని దిక్కు తిరిగింది.

"తల్లి పేరు మీద అబద్ధమా? నీ నోట్ల మన్ను వడ! ఎయ్యి లెంపలు!"

మొగిలి లెంపలేసుకున్నడు. గట్టిగనే ఏసుకున్నడు.

"ఎందుకు జేసినవ్?"

"బుగులైతాందే" అన్నడు మొగిలి, పిల్లగాని లెక్క. "నీళ్లకు గాదు. ఏం జెయ్యకుంట కూసోవాలంటే బుగులు. చేతిల స్టీరింగు లేకుంటే నేనెందుకున్ననో నాకే తెలుస్తలేదు. రిటైరైన కాడ్నుంచి గిట్లనే ఉన్నది. ఎవ్వలకు చెప్పలే."

పూలమ్మ కొంగుతోని ఆయన చెంపలు తుడిచింది. "ఆ మాట నాకు చెప్పాలె గద, పిచ్చోడా. ఓడెత్తు అబద్ధం ఆడే బదులు ఇంతంత నిజం చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అన్నది.

వాపసు బస్సు తయారుగున్నది. అదే బస్సు, అదే డ్రైవర్. "మొగిలన్నా, నీ జాగ ఆపిన" అని ఇంజను పక్కన తువ్వాల పరిచి చూపెట్టిండు. మొగిలి ఒక్క నిమిషం నిలబడ్డడు. "నువ్వు మంచిగనే నడుపుతానవ్ తమ్మీ" అని చెప్పి వెనుకకు నడిచిండు. పోయి పూలమ్మ పక్కన కూసున్నడు.

బస్సు కదిలింది. తాడ్వాయి అడివి దాటుతాంటే పూలమ్మ కిటికీ ఇడిచిపెట్టి, మొగని దిక్కే చూస్తాంది. కండ్లార్పుత లేదు.

"ఏమైందే?"

"నీ ముక్కు గింత పొడుగుంటదా?"

"లగ్గం నాటి సంది గింతే ఉన్నది గద!"

"పక్క నుంచి నేనెన్నడు చూసిన?" అని పూలమ్మ పకపక నవ్వింది. నవ్వుతనే ఉన్నది గని కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మొగిలి అటు తిరిగిండు. జేబుల నుంచి ఫోన్ తీసి దీపకు కలిపిండు.

"బిడ్డా, నేను మొగిలిని. మా ఇద్దరికీ టికెట్లు ఖాయం చెయ్యి. రైల్ల పక్కపక్కన ఉండాలె."

"సరే అంకుల్. ఓడల సముద్రం కనపడే కిటికీ రూమియ్యమంటరా?"

మొగిలి పక్కకు చూసిండు. పూలమ్మ ఇంకా ఆయన ముక్కునే చూస్తాంది.

"కిటికీ ఎందుకు బిడ్డా, పైసలు దండుగ" అన్నడు. "సముద్రాన్ని చూసేటోళ్లు ఎవ్వలు లేరు మా ఇంట్ల."