రాజమాతను చంపిన విమర్శకుడు

పదకొండు వందల నాలుగు పేజీలు. అందులో డ్రాగన్లు పదమూడు, రాజకుమారులు తొమ్మిది మంది. ఇక మంత్రుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవడు ఎవడికి వెన్నుపోటు పొడుస్తున్నాడో రాసినవాడికైనా గుర్తుందో లేదో! ఇంత చెత్తను గొంతు చించుకుని చదివి వినిపించే రాత తనకు పట్టిందేమిటా అని కత్తెర మొదటిరోజే తల పట్టుకున్నాడు.

కత్తెర ఆయన అసలు పేరు కాదు. ముప్పై ఏళ్ళు ఆదివారం పత్రికలో పుస్తక సమీక్షలు రాసి ఎందరివో పీకలు కోసినందుకు, రచయితలు కడుపుమండి పెట్టిన పేరు. ఆయనకు మాత్రం అది బిరుదు. ఏ పుస్తకమైనా మొదటి ముప్పై పేజీలు, చివరి పది, అట్ట వెనక నాలుగు ముక్కలు చూస్తే చాలునని ఆయన సిద్ధాంతం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినాలా అనేవాడు.

కానీ ఇప్పుడు వింటున్నది సొంత అక్కయ్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరై, ఫ్లాటులో ఒంటరిగా ఉంటోంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాంట్లో రెటీనా ఊడితే ఆపరేషన్ చేసి, బోర్లా పడుకోమన్నారు. చూపు వస్తుందో రాదో నెల తిరిగాక చెబుతానన్నాడు డాక్టరు. రాకపోతే ఫ్లాటు ఖాళీ చేసి తమ్ముడింటికి వెళ్ళాలా వద్దా అన్నది ఆవిడ తేల్చుకోవాలి. ఆవిడ తన ఇంటికి రావాలనే ఆయన ఆశ. భార్య పోయాక ఇల్లు బావురుమంటోంది. ఆ మాట పైకి అనడానికి మాత్రం నామోషీ.

"నీకు కళ్ళుగా నేనున్నాను కదక్కా. ఏం కావాలంటే అది చదివిపెడతా," అన్నాడు.

"సరే, బీరువా మీద లావుపాటి పుస్తకం ఉంది. అది తియ్యి," అంది ఆవిడ దిండులో మొహం పెట్టుకునే.

తీశాడు. అట్ట చూసి పెదవి విరిచాడు. "చదువుకున్నదానివి, ఇది చదవడానికి సిగ్గులేదూ నీకు?"

"లేదు. చదువు."

మూడొందల పేజీలు ఎలాగో ఈడ్చాడు. డ్రాగన్లనైనా భరించాడు గానీ, రాజమాత దగ్గర ఆయన ఓర్పు చచ్చిపోయింది. ముసలావిడ. కొలువులో ఓ మూల కూర్చుని అందరి మాటలూ వింటుంది. ఎవరూ ఆవిడ మొహం చూడరు. ఒక ఉత్తరం విప్పడానికి నాలుగు పేజీలు తీసుకుంటుంది. ఈ ముసల్దాని సోది ఎవడికి కావాలని కొన్ని పేజీలు దాటేశాడు. దాటిన కొద్దీ మళ్ళీ తగులుతూనే ఉంది. ఆఖరికి ఓ మధ్యాహ్నం, పుస్తకంలో లేని రెండు వాక్యాలు కల్పించి, ఆవిడకి విషం పెట్టేశాడు.

"చచ్చిపోయిందా?" అంది అక్కయ్య.

"ఆఁ. పాలల్లో విషం."

"ఎవరు కలిపారు?"

"మంత్రి."

అక్కయ్య దిండు సర్దుకుంది. తర్వాత, "సరే, కానీ," అంది.

అక్కడినుంచి బండి పరుగులు పెట్టింది. యుద్ధాలు మూడేసి వాక్యాల్లో ముగిశాయి. రాజమాత పేరు కనబడితే చాలు, పేజీ తిరిగిపోయేది. పీడా పోయింది, ఈ రచయిత నాకు దండం పెట్టాలి అనుకున్నాడు. ఇలాంటివి చదివేవాళ్ళకి నిన్న చదివింది ఇవాళ గుర్తుండదని కూడా అనుకున్నాడు. నెల లోపలే చాప చుట్టేశాడు.

నెల తిరిగాక డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, వెలుతురూ మనుషుల ఆకారాలూ తెలుస్తాయి, అక్షరాలు మాత్రం కనబడవన్నాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోబెట్టగానే తమ్ముడు మొదలుపెట్టాడు. "ఇంకేం ఆలోచించకు. మా ఇంటికి వచ్చెయ్. చదవడానికి నేను లేనూ?"

"రాజమాత ఎలా పోయిందిరా?" అంది అక్కయ్య.

"ఇప్పుడదెందుకు? చెప్పానుగా, పాలల్లో విషమని."

"ఆవిడ పోదురా. డ్రాగన్లు చచ్చి, మంత్రులు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని పోయాక మిగిలేది ఆవిడొక్కతే. నేనీ పుస్తకం మూడుసార్లు చదివాను."

ఆయన బీరువా వంక ఓసారి చూశాడు. "మరి ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడగలేదు."

నిజమే, అడగలేదు. మనిషి జన్మ ఎత్తినవాళ్ళు అలాంటి పుస్తకాన్ని రెండోసారి ముట్టుకుంటారని ఆయనకు కల్లో కూడా తోచలేదు.

"విసుగేసిందక్కా," అన్నాడు.

"విసుగేస్తే విసుగేసిందని చెప్పాలి. గుడ్డిదాన్ని, నాకు ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి కావాలి. మందు సీసా మీద రాసిందైనా, ఇంటికొచ్చిన ఉత్తరమైనా, నీకు విసుగేసి ఏ ముక్క మింగేశావో నాకెలా తెలుస్తుంది?"

ఆయన డాక్టరు చీటీ మడిచి బల్లమీద పెట్టాడు.

"నేనిక్కడే ఉంటాను. కింద కుట్టుపని చేసే అమ్మాయి సాయంత్రాలు వస్తానంది. కూడబలుక్కుంటూ చదువుతుంది, కానీ ఒక్క ముక్క వదలదు. నువ్వు అప్పుడప్పుడూ వచ్చిపోతుండు, కబుర్లు చెప్పుకుందాం. పుస్తకాలు మాత్రం ముట్టుకోకు."