చంద్రమౌళి నల్ల చొక్కా

“చచ్చిపోయినోడి రక్తం అంటిన చొక్కాని ఊరూపేరూ తెలీనోళ్ళ చేతికిస్తావా? రేపు పోలీసులొచ్చి, ఇది నీకాడికెట్లా వచ్చిందిరా అంటే ఏం చెప్తావు?” అంది నవోమి, పొయ్యి మీద అన్నం కలియబెడుతూ.

“నువ్వుండంగా పోలీసులెందుకుమా? కేసు పెట్టేదీ నువ్వే, శిక్ష వేసేదీ నువ్వే,” అని నవ్వాడు కొడుకు జడ్సన్. “అది యాక్సిడెంటు రక్తం కాదు. ఆఖరి షోలో వేళ్ళు పగిలినా వాడు డ్రమ్స్ ఆపలేదు. చేతులు చొక్కాకి తుడుచుకుంటా వాయించినాడు. ఎన్నిసార్లు చెప్పేది?”

నవోమి నమ్మలేదు. పదకొండేళ్ళ కిందట జడ్సన్, చంద్రమౌళి, ఇంకో ఇద్దరూ కలిసి రాక్ బ్యాండు పెట్టి, పాత వ్యానులో తొమ్మిది ఊళ్ళు తిరిగి కచేరీలు చేశారు. ఆ ఊళ్ళ పేర్లు చొక్కా వీపు మీద తెల్లగా అచ్చువేసి ఉన్నాయి. టూరు ముగిసిన నెలకే కావలి దగ్గర హైవే మీద చంద్రమౌళి లారీ కింద పడి చనిపోయాడు. జడ్సన్ గిటారు అమ్మేసి ఇందుకూరుపేటలో రొయ్యల చెరువు పట్టాడు. చొక్కాని మాత్రం కవరులో చుట్టి బీరువాలో దాచాడు, ఎవరినీ తాకనివ్వలేదు. ఇవాళ బెంగుళూరు నుంచి సంగీత మ్యూజియం వాళ్ళు దానికోసమే వస్తున్నారు. చంద్రమౌళి పేరు రాసి అద్దాల పెట్టెలో పెడతారట. ఆ మాట చెప్పేటప్పుడు కొడుకు ముఖం వెలగడం నవోమి ఎన్నో ఏళ్ళకు చూసింది.

అయినా భయం ఊరుకోనివ్వలేదు. పైగా చర్చిలో కోతపండుగకు పాత బట్ట ఇచ్చినా ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చే ఇల్లు అది. జడ్సన్ మేత చల్లడానికి చెరువుకు పోగానే, చెరువు నీళ్ళకోసం తెచ్చిన బ్లీచింగు పొడి రెండు గుప్పిళ్ళు బకెట్లో కలిపి చొక్కాని ముంచింది. “ప్రభువా, బిడ్డ మీదికి ఏదీ రానీకు,” అనుకుంటూ బ్రష్షు పెట్టి రుద్దింది. మరక పోయింది. నలుపూ పోయింది. ఊళ్ళ పేర్లు పొలుసుల్లా లేచి నీళ్ళలో తేలాయి. శుభ్రంగా అయితే ఉందిలే అని సర్దిచెప్పుకుని, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కవరులో పెట్టింది.

మధ్యాహ్నం వచ్చిన మ్యూజియం అమ్మాయి తెల్ల గ్లవ్స్ వేసుకుని కవరు విప్పింది. బ్లీచింగు వాసన గుప్పుమంది. తుప్పు రంగు చారలు పడిన ఆ గుడ్డను చూసి జడ్సన్ గోడ పట్టుకున్నాడు.

“ఆ మరక కోసమే అడిగామండీ,” అంది ఆ అమ్మాయి మెల్లగా. “ఇప్పుడిది ఆయనదని చూపించలేం. మీ టూరు పాసు, గిటారు ఫొటోలూ తీసుకుంటాం సార్.”

“నావి వద్దు,” అన్నాడు జడ్సన్.

కారు వెళ్ళిపోయింది. అతను చొక్కా ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

“నీ మంచికే కదరా చేసినా. పోనీ తిట్టు. రెండు దెబ్బలైనా కొట్టు.”

అన్నం తెచ్చి పక్కన పెడితే అతను ముట్టలేదు. ఈగలు ముసిరాయి. మెట్టు మీది ఎండ వాకిట్లోకి జరిగింది. వీడు ఏ చెరువులోనో దూకుతాడేమోనని నవోమి అక్కణ్ణించి కదల్లేదు.

“వాడిది ఇంకేమన్నా ఉండాదా నాయనా? వాళ్ళమ్మని అడిగితే? నేనే పోయి కాళ్ళు పట్టుకుంటా.”

జడ్సన్ తలెత్తాడు.

“వాడివన్నీ కర్మ రోజు సముద్రంలో వేసేసినారుమా. ఇదొక్కటి వాళ్ళమ్మే ఎవురికీ కనపడకుండా తీసిపెట్టి, మీ ఇంట్లో పెట్టుకో అబ్బయ్యా అని నాకిచ్చింది.”