రోగం ఏ దారిన వచ్చింది

రోగం తెచ్చిపెట్టినవాడే మందు కూడా అమ్ముతాడా? ఈ అనుమానం ఏళ్ల తరబడి జీవరాజు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎవరితోనూ పైకి అనలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా అది ఒక్కోసారి కలుక్కుమనేది. పొరుగువాణ్ని అనుమానించడం పాపమని తెలుసు. కానీ కళ్లతో చూసిందాన్ని చూడలేదని ఎట్లా అనుకోవడం?

ఎప్పుడో చందూర్ ఊళ్లో ఎర్రన్న దగ్గర ఒక బండి విత్తనం చెరకు తెచ్చి, బోధన్ శివారులోని తన చేన్లో నాటాడు. ఆ పక్క ఊళ్లలో విత్తనానికి పైసలు పుచ్చుకోరు. బండి తెచ్చుకున్నవాడు, తన తోట ఎదిగాక బండి తిరిగి ఇవ్వాలి. జీవరాజు తోట ఎదిగితే కదా! గడలు బెత్తెడు బెత్తెడు కణుపులతో గిడసబారి నిలిచాయి. అదే విత్తనం ఎర్రన్న చేన్లో మనిషి కనబడనంత ఏపుగా పెరిగింది. పైగా ఎర్రన్నే వచ్చి, "తమ్మీ, నా తాన మందున్నది, కొడ్తవా?" అన్నాడు. ఆ మాటతో జీవరాజు లోపల ఏదో గడియ పడింది. బండి చెరకు బాకీ అట్లాగే ఉండిపోయింది. ఎర్రన్న ఎన్నడూ అడగలేదు. అడగకపోవడమే తప్పు చేసినవాడి గుర్తు అనుకున్నాడు జీవరాజు.

ఇప్పుడు ఎర్రన్న కొడుకు రాజారాం బోధన్ బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు పెట్టాడు. జీవరాజు కూతురు శారమ్మ టైపింగు నేర్చుకున్నది ఆ షాపులోనే, కంప్యూటరు కొన్నదీ అక్కడే. నిజామాబాద్‌లో బాపురావు ప్రెస్సుకు పెళ్లికార్డులు ఇంట్లోనే టైపు చేసి, పెన్‌డ్రైవులో పంపుతుంది. కంప్యూటరు వచ్చిన రోజు పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. శారమ్మ తల్లి రూతమ్మ దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పింది. ఇక దానికేం భయమని జీవరాజు నిశ్చింతగా ఉన్నాడు.

పెళ్లిళ్ల కాలం మొదలవుతుండగా దానికి జబ్బు చేసింది. శారమ్మ ఏ ఫోల్డరు తెరవబోయినా అది తెరుచుకోదు, అదే పేరుతో ఇంకొకటి పుడుతుంది. అసలువి ఎక్కడికి పోయాయో తెలియదు. బాపురావు ఫోను చేశాడు.

"బేటీ, నీ డ్రైవ్ పెట్టంగనే మా మిషన్లు గూడ మంచం పట్టినయ్. సోమవారం దాంక సూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే పని వేరేటోళ్లకిస్త. ఏమనుకోకు, బురా మత్ మాన్."

శారమ్మ ఏడవలేదు, అన్నం తినలేదు. సందు చివరిదాకా ఆమె టైపు చేసిన కార్డులే గోడలకు వేలాడుతున్నాయి. ఆ పని పోతే మళ్లీ బీడీలు చుట్టడమే.

రాజారాం వచ్చి చూశాడు. "వైరస్ కాక. యాంటీవైరస్ ఎయ్యాలె."

"నువ్వు అమ్మినప్పుడు లేదా అది?"

"అప్పుడే ఏస్తనంటే వద్దంటివి గద. పాస్టరుగారు ప్రార్థన చేసిండ్రు సాలంటివి."

జీవరాజుకు చురుక్కుమంది. "ఉత్తగ దొరికేది లేదా?"

"ఉన్నది. కానీ దానికి ఎప్పటికప్పుడు కొత్త రోగాల ఆనవాళ్లు చెప్తుండాలె. మీ ఇంట్ల నెట్ లేదు, నెలకే గుడ్డిదైతది. కొనేదైతే, నేను సీడీల తెచ్చి ఏస్త. ఏడాదికోసారి మళ్ల కట్టాలె."

"ఏటేటా? రోగం పోయినంక గూడనా?"

"కావలోనికి దొంగ దొరికినంక జీతం ఆపుతమా కాక?"

"దొంగకు దారి సూపెట్టేది గూడ ఒక్కోపారి కావలోడే ఉంటడు." జీవరాజు అతని ముఖంలోకి చూశాడు. "నీ షాపుల ఏది పెట్టుకున్నవ్?"

"గిదే."

"సూపెట్టు."

రాజారాం నవ్వాడు కానీ జీవరాజు నవ్వలేదు. చెప్పులు వేసుకుని, అతని వెంట షాపుదాకా నడిచి, అక్కడి కంప్యూటర్లన్నిటి మూలలో అదే యాంటీవైరస్ గుర్తు ఉందని చూసుకున్నాడు. అయినా తృప్తి కలగలేదు. ఎర్రన్న చేన్లో కూడా అప్పుడు చెరకు బాగానే ఉంది మరి.

చివరికి కూతురి ముఖం చూసి సరేనన్నాడు. రాజారాం కంప్యూటరంతా కడిగినట్టు శుభ్రం చేశాడు. పోయిన ఫోల్డర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. "కాక, ఇంట్లున్న పెన్‌డ్రైవులు, సీడీలు అన్నీ తే. ఒక్కటి మిగిలినా మళ్లొస్తది," అన్నాడు.

జీవరాజు అన్నీ తెచ్చి ముందు పోశాడు, జేబులోని ఒక్కటి తప్ప. అది పాటల డ్రైవు. వారానికో ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు అతనే పాటలు తీసుకుపోతాడు. కంప్యూటరు ఉన్న ఇండ్లలో పెట్టి వినిపిస్తాడు, కొత్త పాట ఉంటే ఎక్కించుకుంటాడు. దేవుని పాటల్లో రోగమేముంటుంది? దాన్ని అనుమానించడమే తప్పనిపించింది.

మరునాడు సంఘస్థుడు ఏసయ్య ఇంట్లో కూడిక జరిగింది. తిరిగి వచ్చాక జీవరాజు కొత్త పాట కూతురికి వినిపించాడు. తెల్లారి శారమ్మ కేక వేసింది. ఫోల్డర్లు మళ్లీ జంటలు జంటలుగా ఉన్నాయి. యాంటీవైరస్ గుర్తు మీద ఎర్రగా అడ్డగీత పడింది.

జీవరాజు చెప్పులు కూడా లేకుండా షాపుకు పోయాడు. "తండ్రి గడల పెట్టి ఇచ్చిండు, కొడుకు డబ్బల పెట్టి ఇచ్చిండు! మీ ఇంటి యాపారమే గిదా?"

షాపులో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. రాజారాం ముఖం ఎర్రబడింది. "నాయిననెందుకు దీంట్లకు గుంజుతవ్ కాక?" అన్నాడు. "పద, ఇంట్లనే సూద్దాం," అంటూ లేచాడు.

ఇంటికి వచ్చి కంప్యూటరు మళ్లీ శుభ్రం చేశాడు. యాంటీవైరస్ కొత్తగా వేసి, ఈసారి కొత్త రోగాల ఆనవాళ్లున్న తాజా సీడీ ఎక్కించాడు. "నేను పోయినంక దీంట్ల ఏం పెట్టిండ్రు?" అని అడిగాడు.

"ఏం పెట్టలే," అన్నాడు జీవరాజు.

శారమ్మ నేల చూపులు చూస్తూ అన్నది, "బాపు పాటలది పెట్టిండు."

"అది దేవుని పాటలది!"

"పాటలు మంచియే కాక. కానీ అది ఎన్ని ఇండ్లు తిరిగొచ్చింది?"

జీవరాజు జేబులోంచి తీసి ఇచ్చాడు. రాజారాం దాన్ని పెట్టగానే యాంటీవైరస్ గీపెట్టి, ఎర్ర డబ్బా చూపింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. రూతమ్మ వంటింటి గడపలో నిలబడి, "అయ్యో, మన చేతుల మీదనేనా," అన్నది. రాజారాం డ్రైవు కడిగి, పాటలు పాటల్లాగే ఉంచి, చేతికిచ్చాడు. "ఏసయ్య మామ ఇంట్లది గూడ సూడాలె. తిరిగిన ఇండ్లన్నీ సూడాలె," అన్నాడు.

ఎన్ని ఇండ్లు తిరిగింది? ఆ మాట పట్టుకుని జీవరాజు చేన్లోకి పోయి, గట్టు మీద కూర్చున్నాడు. తన చెరకు కత్తి గుర్తుకొచ్చింది. పిడి తండ్రి బిగించింది. ఇంకొకరి కత్తి ముట్టేవాడు కాదు. ఎర్రన్న విత్తనం తెచ్చిన ఏడు బదులు పనికి నాలుగైదు చేన్లు తిరిగి, పాత తోటలన్నీ అదే కత్తితో కొట్టాడు. ఆ తర్వాతే ఎర్రన్న విత్తనాన్ని దానితో ముక్కలు చేసి నాటాడు. రుద్రూర్ చెరకు పరిశోధన కేంద్రంవాళ్లు ఒకసారి రైతులను కూడేసి, కత్తిని మరిగే నీళ్లలో ముంచందే ఇంకో చేన్లో పెట్టొద్దని చెబితే, "కత్తికి గూడ జరమొస్తదా?" అని నవ్వినవాళ్లలో తానూ ఉన్నాడు.

అట్లాగే జరిగిందని రూఢిగా చెప్పలేడు. దేవునికే తెలియాలి. కానీ ఎర్రన్నే చేశాడని కూడా ఇక చెప్పలేడు. ఇన్నేళ్లూ ఏ తలుపుకు గడియ పెట్టాడో, ఏ తలుపు తెరిచి ఉంచాడో!

సోమవారం బాపురావు దగ్గర పని చెయ్యి జారకుండా శారమ్మకే నిలిచింది. నాట్ల కాలం రాగానే జీవరాజు పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి కత్తి ముంచాడు. ఈ ఏటి తోటలో మంచి గడలు ఏరి కొట్టి, బండి నింపి చందూర్ పోయాడు.

ఎర్రన్న చేను గట్టున ఉన్నాడు. ముసలితనం వచ్చింది కానీ చూపు తగ్గలేదు. "ఏందిది జీవరాజూ?"

"విత్తనం అన్నా. వాపసియ్యాలె గద."

"యాదికున్నదా నీకు?"

"ఉన్నది."

ఎర్రన్న ఒక గడ తీసి కళ్ల దగ్గర పెట్టుకుని, కణుపుల మీది మొలక కన్నులన్నీ గోటితో గీకి చూశాడు. తిప్పి తిప్పి చూశాడు. ఆ అనుమానం చూసి జీవరాజుకు కోపం రాలేదు. తన కత్తి తీసి అతని చేతికిచ్చాడు.

"కోసి సూడన్నా. కత్తి ఉడుకునీళ్లల్ల పెట్టిందే."

ఎర్రన్న అడ్డంగా కోశాడు. లోపల తెల్లగా, ఏ మచ్చా లేకుండా ఉంది. కొరికి నమిలి, పిప్పి ఊశాడు.

"దించు," అన్నాడు.